సముద్రంలో కలిసిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

(భీమునిపట్నంలో విద్యార్థులు, మత్స్యకారులు, ఊరి పెద్దల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ కిటికీ మూయకు బాబూ, కెరటాల చప్పుడు రానీ. ఈరోజు మనం మాట్లాడుకునేది దాని గురించే.

బంగాళాఖాతం గురించి చెప్పమని అడిగినప్పుడు నాకు కొంచెం మొహమాటంగా అనిపించింది. ముందు వరసలో కూర్చున్న పెద్దల్లో కొందరు నేను లాగూలు వేసుకు తిరిగే రోజుల్లోనే తెప్ప మీద వేటకి వెళ్లినవాళ్లు. వాళ్ల ముందు సముద్రం గురించి నేను చెప్పడమేంటి? కానీ ఒక మాట చాలా ఏళ్లుగా నన్ను గుచ్చుతోంది. అది చెప్పుకుందామని ఒప్పుకున్నాను.

ఆ మాట మీరూ ప్రతి వర్షాకాలం పేపర్లో చదువుతారు. "గోదావరి నుంచి మూడు వేల టీఎంసీలు సముద్రంలోకి వృథాగా పోతున్నాయి." పార్టీ ఏదైనా మాట అదే. రైతు బాధ నాకు తెలుసు, మాదీ వ్యవసాయ కుటుంబమే. నీళ్లు వాడుకోవద్దని నేను అనను. నా పేచీ అంతా ఆ "వృథాగా" అన్న ఒక్క మాటతోనే. సముద్రంలో కలిసిన నీళ్లు ఏమైపోతాయో చూశాక ఆ మాట వాడాలంటే నాకు నోరు రాదు.

ముందు చిన్న ప్రయోగం. ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులున్నాయి. రెంటిలోనూ సగం దాకా నీళ్లు పోశాను. కుడివైపు దాంట్లో రెండు చెంచాల కళ్లుప్పు వేసి పూర్తిగా కరిగించాను. ఎడమవైపుది ఉత్త కుళాయి నీళ్లు. ఈ మూడో గ్లాసులో మంచినీళ్లు, అందులో నాలుగు చుక్కల నీలం సిరా. అమ్మా, నువ్వొకసారి ముందుకి రా. ఈ చెంచాని నీళ్లకి ఆనించి పట్టుకుని, దాని మీదుగా సిరా నీళ్లు మెల్లగా జారవిడువు. తొందరేం లేదు. ముందు ఎడమవైపు గ్లాసులో... చూశారా, సిరా పొగలా కిందికి దిగిపోయి మొత్తం నీలంగా అయిపోయింది. ఇప్పుడు కుడివైపు. ఇంకా నెమ్మదిగా... ఆ. ఇక్కడ నీలం పైనే నిలిచిపోయింది. కింద తెల్లగా, పైన నీలంగా, మధ్యలో గీత గీసినట్టు ఉంది. ఇప్పుడు ఈ స్ట్రాతో నీళ్ల మీద గాలి ఊదు. గట్టిగా! పైపొర ఊగుతోంది, కిందిది కదలట్లేదు. సరే, కూర్చో అమ్మా. ఆ గ్లాసుని అలాగే ఉండనిద్దాం.

ఈ కుడివైపు గ్లాసే బంగాళాఖాతం. అరేబియా సముద్రం ఇలా ఉండదు. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, రెంటి మీదా అవే రుతుపవనాలు. కానీ అక్కడ ఎండకి ఆవిరైపోయే నీళ్లే ఎక్కువ, నదులు తక్కువ. అందుకే అక్కడి పైనీటిలో కిలోకి 36 గ్రాముల దాకా ఉప్పుంటుంది. ఇక్కడ గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి ఒకే గిన్నెలో పడతాయి. పైన వాన. ఏడాదికి నదులు తెచ్చే నీళ్లు దాదాపు 1.6 లక్షల కోట్ల ఘనపు మీటర్లని అంచనా. మన టీఎంసీల్లో లెక్కేసుకుంటే యాభై వేలు దాటుతుంది. అందులో సగానికి పైగా గంగా బ్రహ్మపుత్రలదే. మన గోదావరి వాటా చిన్నదే, దాన్ని పెద్దది చేసి చెప్పను. ఈ నీళ్లన్నీ కలిసి వర్షాకాలం చివరికి ఉత్తర బంగాళాఖాతం మీద తేలికపాటి మూతలా పరుచుకుంటాయి. అప్పుడు అక్కడ ఉప్పు కిలోకి 30 గ్రాముల కంటే కిందికి పడిపోతుంది.

మరి ఆ మూత అక్కడే ఉండిపోతుందా, కదులుతుందా? చాలాకాలం దీనికి సరైన జవాబు లేదు. ఓడలు వెళ్లి కొలిచేవి, నిజమే. కానీ ఓడ ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్తుంది, ఒక దారిలో వెళ్లి వస్తుంది. పైగా ఉపగ్రహాలకి తీరం దగ్గర ఉప్పుని కొలవడం కష్టం. అక్కడ నేల అడ్డొస్తుంది. కోట్లు పెట్టి కొన్న పరికరాలకి లొంగని పని ఎలా పూర్తయిందో తెలుసా? సీసాలతో.

2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, గోవాలో ఉంటుంది, దాని ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది, ఒక పని మొదలుపెట్టింది. భారత తీరంలో ఎనిమిది చోట్ల మత్స్యకారులకి సీసాలిచ్చారు. ఐదు రోజులకొకసారి మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక సీసా నింపాలి. అంతే. ఆ సీసాలు ల్యాబ్‌కి చేరతాయి, ఉప్పు కొలుస్తారు. ఒడ్డున తీసిన నీళ్లు నడిసముద్రం సంగతి చెబుతాయా అని మీకు అనుమానం రావచ్చు. వాళ్లకీ వచ్చింది. లోపల తీసిన నీళ్లతో పోల్చి చూశారు, సరిపోయింది. ఏళ్ల తరబడి వచ్చిన సీసాల లెక్కలన్నీ వరసగా పెడితే ఒక బొమ్మ బయటపడింది. వర్షాకాలం అయ్యేసరికి బంగాళాఖాతం ఉత్తరపు కొసన ఉప్పు కిలోకి పది గ్రాములకి పైగా తగ్గిపోతుంది. ఆ మంచినీరు తీరాన్ని ఒరుసుకుంటూ దక్షిణానికి బయల్దేరుతుంది. వెడల్పు సుమారు వంద కిలోమీటర్లు. రెండున్నర నెలల్లో దేశం దక్షిణపు కొసకి చేరుతుంది. వాళ్లు 2014లో అచ్చు వేసిన పత్రంలో దానికి పెట్టిన పేరు "సముద్రంలో నది".

ఒక్కసారి ఊహించుకోండి. దీపావళి, కార్తీక మాసం రోజుల్లో మీరు ఈ ఒడ్డున నిలబడి ఎదురుగా చూస్తున్న నీటిలో గంగ ఉంటుంది, బ్రహ్మపుత్ర ఉంటుంది. కార్తీక స్నానానికి కాశీ వెళ్లలేని వాళ్లకి ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? (నవ్వులు)

సీసాలంటే ఒకటి గుర్తొచ్చింది. నా విద్యార్థి రోజుల్లో ఒకసారి నీళ్ల సీసాల పెట్టె పట్టుకుని రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఒక ముసలమ్మ వచ్చి, "రామేశ్వరం నీళ్లా నాయనా? కాస్త మా ఆయన తల మీద చల్లుకోనియ్యి" అంది. ఇవి కాకినాడ నీళ్లమ్మా అన్నా వినదు. సముద్రం ఎక్కడైనా సముద్రమే కదా అంది. చివరికి ఒక సీసా ఇచ్చేశాను. వెళ్లాక మా మాస్టారితో చీవాట్లు తిన్నాను, ఆ రోజు తేదీ దగ్గర గ్రాఫులో ఖాళీ మిగిలిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె అన్నది సగం తప్పు, సగం ఒప్పు. సముద్రం ఎక్కడైనా ఒకటి కాదు. కానీ కాకినాడ నీళ్లు కాకినాడలోనే పుట్టినవీ కావు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ సముద్రం మీద పరిశోధన మన పక్కనే, అంటే విశాఖలోని వాల్తేరులోనే ఒక మలుపు తిరిగింది. అంతకుముందు ఏమీ లేదని కాదు. 1880ల నుంచి ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ ఈ నీళ్లలో తిరిగింది. అందులో డాక్టరుగా పనిచేసిన ఆల్కాక్ లోతుల్లోని పీతల్నీ చేపల్నీ పైకి లాగి వాటికి పేర్లు పెట్టాడు. కానీ నీరు ఎలా కదులుతుంది, ఎందుకు కదులుతుంది అన్నది వేరే సంగతి.

1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ పథకం కింద ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. విశ్వవిద్యాలయానికి ఓడ లేదు. నౌకాదళాన్ని అడిగితే మైన్‌స్వీపర్లు, అంటే సముద్రంలో బాంబులు ఏరడానికి వాడే ఓడలు ఇచ్చారు. వాటి మీద విద్యార్థులు ఎక్కారు. వాళ్ల దగ్గరున్న ముఖ్యమైన పనిముట్టు బాతీథెర్మోగ్రాఫ్. చూడటానికి చిన్న టార్పెడోలా ఉంటుంది, ఇత్తడిది. లోపల బొటనవేలంత గాజు పలక, దాని మీద పలుచని పూత. తీగకి కట్టి నీళ్లలోకి వదిలితే లోపలున్న ముల్లు ఆ పూత మీద గీత గీస్తుంది. లోతుకి వెళ్లేకొద్దీ వేడి ఎలా తగ్గిందో ఆ గీతే చెబుతుంది. పైకి లాగాక పలకని జాగ్రత్తగా తీసి భూతద్దంలో చదవాలి. వేలు తగిలితే గీత చెరిగిపోతుంది. ఓడ ఊగుతుంటుంది, కడుపులో తిప్పుతుంటుంది, చేతిలో గాజుముక్క. మా మాస్టార్ల తరం అలా పని చేసింది.

వాళ్లు చూసిన వాటిలో ఒకటి మీరు ఒడ్డునే నిలబడి గమనించవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పైన ఎండ మండుతుంటే మన బీచిలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఎందుకంటే అప్పుడు నైరుతి గాలి తీరం పొడవునా వీస్తుంది. భూమి తిరుగుతుండటం వల్ల పైనీరు గాలి వెంట పోకుండా కుడివైపుకి, అంటే సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. చల్లని నీరు బరువు, పొట్టిగా కూర్చుంటుంది. అందుకే ఆ నెలల్లో సముద్ర మట్టం కూడా దిగుతుంది. విశాఖ రేవులో మట్టం కొలిచే గేజీ 1937 నుంచి ఉంది. దాని లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో అన్నిటికంటే తక్కువ, అక్టోబరు, నవంబరులో అన్నిటికంటే ఎక్కువ. ఆటుపోట్ల సంగతి కాదు నేను చెప్పేది, వాటిని తీసేశాక మిగిలే మట్టం. లాఫాండ్ ఆ గేజీనీ గాజు పలకల్నీ పక్కపక్కన పెట్టి ఈ కథ విప్పారు. నా మటుకు నాకు అది అందమైన పని. ఒకటి రేవులో గోడకి బిగించిన పరికరం, ఇంకొకటి సముద్రంలో మునిగి తేలింది. రెండూ ఒకే మాట చెప్పాయి.

మన తీరానికి ఎదురుగా అడుగున ఉన్న లోయలకి ఆయన 1964లో రాసిన పత్రంలో పేర్లున్నాయి. ఒకదాని పేరు ఆంధ్ర. ఇంకొకటి మహదేవన్, అప్పటి ఇక్కడి భూగర్భ శాస్త్ర ఆచార్యుడి పేరు. బంగాళాఖాతం అడుగున ఆంధ్ర అనే లోయ ఉందని మన పిల్లలకి ఏ పాఠంలోనూ చెప్పరు.

ఆ తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర. 1959 నుంచి 1965 దాకా నలభైకి పైగా ఓడలు తిరిగాయి. మన దేశం తరఫున వెళ్లిన నౌకాదళం ఓడ పేరు ఐఎన్ఎస్ కిస్ట్నా. కృష్ణ పేరుని తెల్లవాళ్లు అలా రాసేవారు. అది ముగిసిన వెంటనే 1966 జనవరి 1న గోవా సంస్థ పుట్టింది. ఇంకా చాలా ఉంది, కానీ ఓడల పేర్లు చదువుతూ పోతే మీరు లేచి వెళ్లిపోతారు.

తుఫాన్ల సంగతికి వద్దాం. సైక్లోన్ అనే మాట ఇప్పుడు ప్రపంచమంతా వాడుతుంది. ఆ మాట పుట్టింది ఈ సముద్రం దగ్గరే. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల లాగ్ పుస్తకాలన్నీ పోగేసి బంగాళాఖాతం తుఫాన్లని గీతలు గీసి చూశాడు. గాలి చుట్ట చుట్టుకుంటుందని గమనించి, పాము చుట్టని సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు తయారు చేశాడు. 1848లో వచ్చిన ఆయన పుస్తకంతో అది నావికుల నోట నిలిచిపోయింది. ఆయన రాసిన వాటిలో మన కోరంగి కథ ఉంది. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ రేవు పట్టణాన్ని ముంచేశాయి. 1839 నవంబరులో మళ్లీ. కోరంగి అప్పట్లో ఓడలు కట్టే ఊరు. ఇప్పుడు మడ అడవి చూడటానికి వెళ్తున్నాం.

నెలలు గమనించారా? డిసెంబరు, నవంబరు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, అది మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ మూత పరుచుకున్న నెలలే. ఇందులో మూత చేసేదేమిటంటే, మామూలుగా తుఫాను వచ్చినప్పుడు గాలి సముద్రాన్ని చిలుకుతుంది, అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ చల్లదనం తుఫానుకే ఎదురు తిరుగుతుంది. దాని ఆహారం వేడి కదా, ఆహారం తగ్గుతుంది. కానీ ఇందాక అమ్మాయి గట్టిగా ఊదినా ఈ గ్లాసులో ఏమైంది? పైపొర ఊగింది గానీ కిందికి దిగలేదు. మనింట్లో మీగడ కట్టిన పాలు చూడండి. పైన చల్లారినట్టే ఉంటాయి, తాగబోతే నాలుక కాలుతుంది. శీతాకాలంలో ఉత్తర బంగాళాఖాతం అచ్చం అలాగే ఉంటుంది, పైపొర కంటే దాని కింది నీరే వెచ్చగా ఉంటుంది. అప్పుడు తుఫాను చిలికితే చల్లదనం బదులు వేడే పైకి రావచ్చు.

లెక్కలు కట్టినవాళ్లు చెప్పింది కూడా వినండి. ఎండాకాలపు తుఫాను సముద్రాన్ని ఎంత చల్లబరుస్తుందో, వర్షాకాలం తర్వాత వచ్చేది అందులో మూడో వంతే చల్లబరుస్తుంది. అయితే మొత్తం నింద మూత మీద వేయకూడదు. ఆ తేడాలో దాని వాటా సగం కంటే తక్కువే. మిగతాది వేడి నీరు అప్పటికే లోతుగా దిగి ఉండటం వల్ల. పైగాలుల సంగతి వేరే ఉంది. ఎవరైనా టీవీలో ఒక్క కారణం చెప్పి తుఫానుని వివరించేస్తే నమ్మకండి, నాతో సహా.

చేపలకి ఈ మూత మంచిదా చెడ్డదా? నన్నడిగితే రెండూ. అడుగునున్న ఎరువు లాంటి నీరు పైకి రాకుండా ఆపుతుంది కాబట్టి అరేబియాతో పోలిస్తే మన సముద్రంలో మేత తక్కువ. ఆ లెక్కన చెడ్డది. అక్కడ మేత ఎక్కువ కావడంతో అది కుళ్లి వంద మీటర్ల కింద ప్రాణవాయువు పూర్తిగా అయిపోయిన పెద్ద మేర ఉంది. ఇక్కడా అలాంటి పొర ఉంది గానీ, 2017లో అచ్చయిన పరిశోధనలో అందులో ఇంకా అతి సూక్ష్మంగా ప్రాణవాయువు మిగిలి ఉన్నట్టు తేలింది. అంచు మీద నిలబడి ఉందన్నమాట. పొలాల నుంచి యూరియా, భాస్వరం నదుల్లో ఎంత దిగుతోందో మీకు తెలుసు. ఆ కాస్తా అయిపోతే ఏమవుతుందన్నది నాకు టెన్షన్ పెట్టే విషయం. ఇక పులస సంగతి గోదావరి జిల్లాల వాళ్లని అడగండి. వరద నీరు సముద్రంలోకి వచ్చి కబురు చెబితేనే అది ఏరు ఎక్కుతుంది. వృథా నీటి రుచి అది. (నవ్వులు)

ఈ మంచినీరు అడుగున కూడా రాత రాసి పెట్టింది. నీటిలో తేలే కంటికి కనపడని గుల్ల జీవులు ఉంటాయి. ఆ నీటిలో మంచినీరు ఎంత ఉందో వాటి గుల్లల్లో గుర్తు ఉండిపోతుంది. చచ్చాక అవి అడుగున బురదలో పేరుకుంటాయి. 2014 చివర్లో జాయిడీస్ రెజల్యూషన్ అనే తవ్వకపు ఓడ మహానది ముఖంలోనూ అండమాన్ వైపూ ఆ బురదని గొట్టాల్లో తీసింది. దాంతో తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనాల చరిత్ర చదివారు, 2021లో అచ్చయింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు, మంచు కరిగినప్పుడు ఇక్కడ వాన పెరిగిందని అందులో తేలింది. అదే ఓడ 2015లో ఇంకా దక్షిణాన హిమాలయాల మట్టిని తవ్వింది. ఆ మట్టి మేట పొడవు మూడు వేల కిలోమీటర్లు. కొన్నిచోట్ల మందం పదహారు కిలోమీటర్లు. ఎవరెస్టుని నిలబెట్టినా మునిగిపోతుంది.

మట్టి దగ్గర ఆగుతాను, ఎందుకంటే మీరు దాని పక్కనే ఉంటున్నారు. ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటలకి తప్ప ఎవరూ పట్టించుకోలేదు గానీ 1886లోనే విలియం కింగ్ అనే భూగర్భ సర్వే ఆయన వాటి గురించి రాశాడు. సుమారు ఇరవై వేల ఏళ్ల కింద ధ్రువాల్లో మంచు పేరుకున్నప్పుడు సముద్రం 120 మీటర్లు దిగిపోయింది. మన తీరం పదుల కిలోమీటర్లు తూర్పుకి జరిగింది. ఇప్పుడు మీరు వలలు వేసే చోట కొంత మేర అప్పుడు ఇసుక మైదానం. ఆ ఇసుకని గాలి ఇటు తోసింది, ఇనుము తుప్పు రంగు పట్టింది. అక్కడికి వెళ్లినప్పుడు గుప్పెడు తీసి అరచేతిలో రుద్దండి. రంగు వేలికి అంటుతుంది, కింద తెల్ల రేణువు కనిపిస్తుంది. ఆ తెల్లది సముద్రపు ఇసుక. దయచేసి గుప్పెడే తీయండి, ట్రాక్టరు తీసుకెళ్లకండి.

ఇసుక కూడా నడుస్తుంది. నైరుతి కాలంలో కెరటాలు దాన్ని ఉత్తరానికి తోస్తుంటాయి. 1933లో విశాఖ రేవు తెరిచే రోజుల్లోనే ఇంజనీర్లకి ఇది తెలుసు. జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా వాడారు. అడ్డం పడ్డ ఇసుకకి ఆవలి బీచికి వెళ్లే దారి లేదు. అందుకే ఏటా తవ్వి ఆర్కే బీచి వైపు గొట్టాల్లో పోయాల్సి వస్తోంది. ఇక నదుల మీద ఆనకట్టల వెనక ఆగిన ఒండ్రు సముద్రానికి చేరదు. ఉప్పాడ వెళ్తే ఇళ్లు ఎలా జారిపోతున్నాయో చూడొచ్చు. అక్కడ కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ మట్టి రాకపోవడం వాటిలో ఒకటి. నీళ్లతో పాటు వెళ్లాల్సింది మట్టి కూడా అని మనకి గుర్తుండదు.

సమయం అయిందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. చెప్పండి తాతా.

(ప్రశ్న: వేట నిషేధానికి ముందు నెలల్లో మేం ఉత్తరం పోవాలంటే తేలిగ్గా ఉంటుంది. కార్తీకంలో వల వేస్తే దక్షిణానికి లాక్కుపోతుంది. మా తాతల నుంచీ ఇది మాకు తెలుసు. మీరు కొత్తగా కనిపెట్టిందేంటి?)

తాతా, మీ ప్రశ్నకి నేను ఓడిపోయాను. మీరు చెప్పినదాంట్లో దిశ మేం కనిపెట్టలేదు. ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, తీర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు తిరగబడుతుంది. మీ వలకి అది ముందే తెలుసు. మేం చేర్చింది ఆ నీళ్లు ఎవరివన్నది. దక్షిణానికి లాగేది హిమాలయాల నీళ్లని తెలియడానికి సీసాలు కావాల్సి వచ్చాయి. వాటిని నింపింది కూడా మీలాంటి వాళ్లే.

ఈ సంచిలో పన్నెండు సీసాలున్నాయి. స్కూలు మాస్టారు ఉప్పు కొలిచే చిన్న మీటరు తెప్పించారు. ఈ అక్టోబరు నుంచి పిల్లలు మొదలుపెడతామన్నారు. మోకాలి లోతుకి దిగండి, గోస్తనీ ముఖం దగ్గర మాత్రం వద్దు, అక్కడ ఏటి నీరు కలుస్తుంది. సీసాని ముందు ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలవండి. అంచు దాకా నింపి మూత బిగించండి, లేకపోతే ఆవిరైపోయి ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. తేదీ పెన్సిలుతో రాయండి, పెన్నుది తడిస్తే పోతుంది. ఎవరైనా ముసలమ్మ అడిగితే రెండో సీసా నింపి ఇవ్వండి, మొదటిది ఇవ్వకండి.